పెదవుల రంగు ఏడాదికే వెలిసిపోయింది, మళ్లీ వేయించుకోవాలా?

గాజువాక నుంచి 33 ఏళ్ల పాఠకురాలు ఒకరు పెద్ద ఉత్తరం రాశారు. మనిషి ఎవరో పోల్చుకునే వివరాలు తీసేసి అందులోని సంగతి చెబుతాను.

ఆమె డాబాగార్డెన్స్‌లోని ఒక చీరల దుకాణంలో పనిచేస్తారు. రోజూ స్కూటీ మీద వెళ్లి వస్తారు. ఇంట్లో భర్త, ఆరేళ్ల కొడుకు, అత్తగారు. చిన్నప్పటి నుంచి ఆమె పెదవులు నలుపు. బడిలో "బొగ్గు తిన్నావా" అని ఏడిపించిన పిల్లలూ, పెళ్లిచూపుల్లో "అమ్మాయికి ఏమైనా జబ్బుందా" అని అడిగిన పెద్దమనిషీ ఆమెకు ఇంకా గుర్తున్నారు. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైపోయింది. 14 నెలల కిందట చీటీ డబ్బులోంచి 18,000 రూపాయలు తీసి ఒక పార్లర్‌లో పెదవులకు గులాబీ రంగు లిప్ టాటూ వేయించుకున్నారు. "అయిదేళ్లు కదలదు, లిప్‌స్టిక్ మాటే మరచిపోండి" అని వాళ్లు చెప్పారట. భర్తకు మాత్రం 3,000 అయిందని చెప్పారు.

వేయించుకున్న మర్నాడు పెదవులు వాచి ఎర్రగా మెరిశాయి. మూడో రోజు కింది పెదవి పేలి చిన్న చిన్న నీటిపొక్కులు వచ్చాయి. అవి మానేలోగా పొట్టు లేచి, రంగంతా దానితోనే పోయినట్టు కనిపించింది. ఏడ్చారు. నెల తిరిగేసరికి అదే రంగు మళ్లీ పైకి తేలింది. ఆ తర్వాతి ఆరు నెలలూ, ఆమె మాటల్లోనే, "కస్టమర్లతో చెయ్యి అడ్డం లేకుండా మాట్లాడాను." పిమ్మట మెల్లగా వెలవడం మొదలైంది. ఇప్పుడు కింది పెదవి మధ్యలో రంగు లేదు, మూలల్లో లేదు. అంచు చుట్టూ మాత్రం ఊదా గీత మిగిలింది.

పార్లర్ వారు "మీ చర్మమే రంగు పట్టదు, ఈసారి ముదురుగా, కాస్త లోతుగా వేస్తాం, ఈ నెలలోగా వస్తే సగం ధర" అంటున్నారు. భర్త "నాకు నీ పాత పెదవులే బాగున్నాయి, లేజర్‌తో తీయించేసుకో, దానికి నేను డబ్బిస్తాను" అంటున్నారు. పొక్కులు వచ్చిన నాటి నుంచి అత్తగారు "దేవుడిచ్చిన పెదవులను సూదులతో గుచ్చించుకుంటే ఇంతే" అని దెప్పుతున్నారు. ఆడపడుచు పెళ్లి మాఘమాసంలో, ఇంకా నాలుగు నెలలు ఉంది. ఆ పెళ్లి అయ్యాక రెండో బిడ్డ కోసం అనుకుంటున్నారు. ముఖం మీది మంగు కోసం మందుల దుకాణంలో కొన్న క్రీమును ఏడాదిగా రాత్రిళ్లు రాసుకుంటున్నానని ఉత్తరం చివర ఒక్క వాక్యం ఉంది.

ఆమె అడిగినవి ఇవి: ఇది మోసమా, నా ఒంటి లోపమా? మిగిలిన రంగు దానంతట అది ఎప్పటికి పోతుంది? మళ్లీ వేయించుకోనా, తీయించుకోనా?

అమ్మా,

మీ పెదవులకు లోపం లేదు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే "మీ చర్మమే రంగు పట్టదు" అన్న మాటను మీరు నిజమని నమ్మినట్టు ఉత్తరమంతా కనిపిస్తోంది. మీకు జరిగినదాంట్లో ఎక్కువ భాగం ఈ పని చేయించుకున్న ఎవరికైనా జరిగేదే. అది మీకు ముందుగా ఎవరూ చెప్పలేదు, నాకు కోపం వచ్చేది అక్కడే.

మన అమ్మమ్మల చేతుల మీది పచ్చబొట్టు చనిపోయేదాకా ఉండేది. అక్కడ మసి రంగును చర్మం లోపలి పొరలో, లోతుగా దించేవారు. బొగ్గు కణాన్ని శరీరం సులభంగా కరిగించలేదు, ఎండ విరగ్గొట్టలేదు. పెదవులకు వేసే రంగు అలా వేయరు, వేయకూడదు. పై పొరకూ లోపలి పొరకూ మధ్య, చాలా పైపైన, సన్నని సూదులతో రంగు చుక్కలు పెడతారు. రంగులు కూడా వేరు. ఐరన్ ఆక్సైడ్, తెలుపు కోసం టైటానియం డయాక్సైడ్, ఎరుపు, గులాబీ ఛాయల కోసం సేంద్రియ (కార్బన్ ఆధారిత) రంగులు కలుపుతారు. పెదవి చర్మం మిగతా ముఖం కంటే పలచన, రక్తప్రసారం ఎక్కువ, రోజంతా తడుస్తూ రాపిడికి గురవుతూ ఉంటుంది. లోపలికి వచ్చిన రంగును శరీరం పరాయి వస్తువుగానే చూస్తుంది. రక్షక కణాలు దాన్ని మింగుతాయి, కొంత మెల్లగా శోషరస గ్రంథుల వైపు మోసుకుపోతాయి. ఎండలోని అతినీల లోహిత కిరణాలు సేంద్రియ రంగులను ముక్కలు చేస్తాయి. ఇవన్నీ కలిసి రంగు వెలిసిపోయేలా చేస్తాయి.

అందుకే పెదవి రంగు సాధారణంగా ఏడాది నుంచి మూడేళ్లు అంటారు. లేత ఛాయలు ఏడాదిలోపే మెరుగు కోల్పోవచ్చు. కొందరిలో నీడలాంటి మరక అయిదేళ్లు దాటినా మిగలవచ్చు. ఈ రంగు నిలబెట్టుకోవాలనుకునే వారు ఏడాదికో, ఏడాదిన్నరకో ఒకసారి మళ్లీ పూయించుకుంటారు. 14 నెలలకు వెలిసిపోవడం లెక్కకు లోబడినదే. "అయిదేళ్లు కదలదు" అని డబ్బు తీసుకోవడమే తప్పు.

మొదటి వారంలో మిమ్మల్ని ఏడిపించిన సంగతీ మామూలుదే. వేసిన వెంటనే కనిపించే రంగు నిలిచే రంగు కంటే బాగా ముదురుగా ఉంటుంది. వాపు రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. వారంలోగా పొట్టు లేస్తుంది. కింద కొత్తగా ఏర్పడిన చర్మం మసకగా ఉండడం వల్ల రంగు పోయినట్టు కనిపిస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాలకు ఆ చర్మం తేటపడి అసలు రంగు బయటికి వస్తుంది. అప్పుడు చూసుకుని, ఎక్కడ పట్టలేదో అక్కడ ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య రెండో విడత వేయాలి. మీ ఉత్తరంలో ఆ రెండో విడత ప్రస్తావనే లేదు. మొదటి విడతకే పని అయిపోయిందని పంపేశారేమో. పెదవుల మూలలు, లోపలి తడి అంచు రంగును అందరిలోనూ తక్కువగా పట్టుకుంటాయి. పైగా మీవి సహజంగా ముదురు పెదవులు. ఇలాంటి వాటికి మొదట నారింజ వైపు మొగ్గే వెచ్చని రంగుతో నలుపును తటస్థం చేసి, మానాక ఆపై కోరిన ఛాయ వేస్తారు. రెండు మూడు విడతలు, ఒక్కోసారి అంతకు మించీ పడుతుంది. ముదురు పెదవి మీద నేరుగా చల్లని గులాబీ వేస్తే కింది నలుపుతో కలిసి ఊదాగానో బూడిదగానో తేలుతుంది. మీ అంచు గీతకు ఇది ఒక కారణం కావచ్చు. అంచు దగ్గర సూది లోతుగా దిగి ఉండవచ్చు. లేదా గాయం మానేటప్పుడు చర్మం తానుగా నలుపు పేర్చుకుని ఉండవచ్చు, మన ఛాయ ఉన్నవారిలో అది తరచూ జరుగుతుంది. ఈ మూడింటిలో ఏదన్నది ఉత్తరం చదివి చెప్పలేం, చర్మవైద్యులు దగ్గరగా చూసి చెప్పాలి. అయితే ఒక్క సంగతి గమనించండి. మూడింటిలో దేనికీ "ఇంకాస్త ముదురుగా, ఇంకాస్త లోతుగా" వేయడం మందు కాదు. ఎక్కువ లోతుగా గుచ్చితే రంగు నీలివైపు మొగ్గుతుంది, అంచులు దాటి పాకుతుంది, మచ్చకట్టే ప్రమాదం కూడా పెరుగుతుంది.

ఇక ఆ పొక్కులు. అత్తయ్యగారి మాట పక్కన పెట్టండి, అయితే పొక్కులను తేలిగ్గా తీసుకోకండి. జ్వరం వచ్చినప్పుడు ఎప్పుడైనా మీ పెదవి పేలేదా? దాదాపు తప్పకుండా ఇదీ అదే. హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్ చిన్నతనంలోనే ఒంట్లో చేరి, ముఖానికి వచ్చే నాడి మూలంలో నిద్రపోతూ ఉంటుంది. ప్రపంచంలో 50 ఏళ్లలోపు వారిలో సగం కంటే ఎక్కువ మందిలో ఇది ఉంది. ఇందులో సిగ్గుపడడానికేమీ లేదు, పార్లర్ సూది నుంచే అంటుకుందని అనుకోనక్కర్లేదు. జ్వరం, మండే ఎండ, పెదవికి గాయం దాన్ని నిద్రలేపుతాయి. లిప్ టాటూ అంటే పెదవి మీద వందలాది చిన్న గాయాలు. అందుకే ఈ పని చేసేవారు ముందుగానే "మీకు పెదవి పేలుతుందా" అని అడగాలి. అవునంటే డాక్టరు సలహాతో కొన్ని రోజుల ముందు నుంచే వైరస్ తగ్గించే మాత్రలు వాడించాలి. మిమ్మల్ని అడగలేదు. పొక్కులు వచ్చిన చోట రంగు నిలవదు. మీ కింది పెదవి మధ్యలో ఖాళీ ఎందుకు వచ్చిందో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఉత్తరం చివర ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన ఆ క్రీము సంగతి నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఇవాళ రాత్రి రాసుకునే ముందు ట్యూబు తిప్పి చూడండి. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్, ఈ మూడు పేర్లూ ఉన్న క్రీములు మన మందుల దుకాణాల్లో స్నో పౌడర్లలా అమ్ముడుపోతున్నాయి. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడని మందులవి. కొద్ది వారాల కోసం రాసిచ్చేదాన్ని జనం ఏళ్ల తరబడి పూసుకుంటున్నారు. మొమెటసోన్ స్టెరాయిడ్. అదే పనిగా వాడితే చర్మం పలచబడుతుంది, సన్నని రక్తనాళాలు బయటపడతాయి, ఎండకు మండుతుంది, మానేయగానే ముఖం ఎర్రగా చిమచిమలాడుతుంది. ట్రెటినాయిన్ పై చర్మం త్వరత్వరగా రాలేట్టు చేస్తుంది. బుగ్గల మీద రాసినది నిద్రలో పెదవి అంచుకు చేరవచ్చు. రంగు తొందరగా వెలవడంలో దానికీ పాత్ర ఉండవచ్చు. గర్భం కోసం ప్రయత్నించేవారు ట్రెటినాయిన్‌కు దూరంగా ఉండాలి. అయినా ఏడాదిగా వాడుతున్న దాన్ని ఒక్క రోజులో ఆపేసి ఇబ్బంది పడకండి. ట్యూబు చేత్తో పట్టుకుని ఈ వారమే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లి, ఎలా తగ్గించుకుంటూ మానాలో చెప్పించుకోండి. ప్రైవేటు క్లినిక్ ఖర్చు బరువనిపిస్తే విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో చర్మవ్యాధుల విభాగం ఉంది. ఉదయం ఓపీ వేళకు వెళ్తే ఇవే ప్రశ్నలు అక్కడా అడగవచ్చు. పెదవి రంగు విషయంలో మీరు ఏ దారి ఎంచుకున్నా ఈ పని మాత్రం వాయిదా వేయకండి.

దారుల సంగతికి వద్దాం.

మళ్లీ వేయించుకోవడం అసాధ్యమేమీ కాదు. కానీ పెళ్లికి ఉన్నది నాలుగు నెలలు. క్రీము మాని చర్మం కుదుటపడాలి, అది వారాల్లో తేలకపోవచ్చు. పొక్కులకు ముందస్తు మాత్రలు కావాలి. రంగు సవరించే విడతకు ఒక నెల మానే సమయం, కనీసం ఆరు వారాల విరామం, తర్వాత గులాబీ విడత, దానికి మళ్లీ ఒక నెల. ఎక్కడ ఏ చిన్న ఆటంకం వచ్చినా మీరు పెళ్లిలో పొట్టు లేచిన పెదవులతో నిలబడాల్సి వస్తుంది. పైగా ఆ తర్వాత రెండో బిడ్డ కోసం అనుకుంటున్నారు. గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు ఈ పని చేయరు. అంటే ఇప్పుడు వేసిన రంగుకు అవసరమైన సవరణ రెండేళ్ల దాకా వీలుకాకపోవచ్చు. మళ్లీ ఇవాళ్టి మరకల స్థితిలోనే అంతకాలం ఉండాలి. ఇదంతా తెలిసీ వేయించుకుంటానంటే అది మీ నిర్ణయం. అప్పుడు కూడా పెళ్లి హడావుడి దాటాక, చర్మవైద్యుల పర్యవేక్షణలో మైక్రోపిగ్మెంటేషన్ (సన్నని సూదులతో రంగు పెట్టే పద్ధతి) చేసే చోట చేయించుకోండి. బొల్లి వల్ల పెదవి తెల్లబడిన వారికి వైద్యులు చాలా కాలంగా ఈ పద్ధతిలోనే రంగు వేస్తున్నారు, పెదవి చర్మం ఎలా ప్రవర్తిస్తుందో వాళ్లకు తెలుసు. ముదురు పెదవుల మీద చేసిన పని, అదీ వేసిన రోజుది కాకుండా ఏడాది తర్వాత తీసిన ఫోటో, చూపించమని అడగండి. సూది మీ కళ్ల ముందు కొత్త పొట్లంలోంచి తీయాలి. రంగును మీ కోసం విడిగా చిన్న గిన్నెలో పోయాలి, మిగిలింది పారేయాలి. హెపటైటిస్ బి, సి లాంటివి సూదుల ద్వారా కూడా పాకుతాయి కాబట్టి ఇది అడగడానికి మొహమాటపడకండి. రక్తదానం చేసే అలవాటుంటే టాటూ తర్వాత ఏడాది ఆగాలన్నది మన దేశంలో నిబంధన.

లేజర్ గురించి మీ వారు అనుకుంటున్నంత సులభం కాదు. ఐరన్ ఆక్సైడ్ తుప్పు రంగులో ఉంటుంది, లేజర్ తగలగానే అది నల్లని రూపంలోకి మారిపోవచ్చు. టైటానియం డయాక్సైడ్ ఉన్న లేత రంగులు బూడిద నీలంగా మారవచ్చు. గులాబీ పోతుందని వెళ్లిన మనిషి నల్లని మరకతో తిరిగి రావడం వైద్యులకు బాగా తెలిసిన చిక్కు. అలా నల్లబడిన దాన్ని మళ్లీ విడతలు విడతలుగా తీయాలి, విడతకూ విడతకూ మధ్య వారాల విరామం కావాలి. ఎర్ర రంగును తీసే లేజర్ మన చర్మంలోని సహజ రంగును కూడా పీల్చేయగలదు. పెదవి మీద తెల్ల మచ్చ పడితే ఇప్పుడున్న దిగులు దాని ముందు చిన్నదనిపిస్తుంది. కాబట్టి లేజర్ వద్దని చెప్పను గానీ, తీయాలన్నంత బాధ ఉంటేనే, ముందుగా కనిపించని మూల చిన్న చుక్క మీద ప్రయోగించి, నెలా నెలన్నర ఆగి ఫలితం చూశాక మాత్రమే. అక్కడ కూడా పొక్కులకు ముందస్తు మాత్రలు కావాలి. మాఘమాసంలోగా ఇది పూర్తయ్యే పని కాదు.

మూడోది ఆగడం. దీన్ని చేతకానితనంగా చూడకండి. మీ పెదవుల మీద ఉన్నది రోజురోజుకూ తగ్గుతున్న రంగు. ఇంకో ఏడాది, ఏడాదిన్నరలో చాలావరకు పోతుంది. ఊదా అంచు అన్నిటికంటే చివర, బాగా మెల్లగా పలచబడుతుంది. పూర్తిగా మాయమవుతుందని మాత్రం మాట ఇవ్వలేను, సన్నని నీడ మిగలవచ్చు. ఆ అంచు లోతున దిగిన రంగు కాకుండా గాయం తర్వాతి నలుపైతే ఎండ నుంచి కాపాడుకుంటే ఇంకా త్వరగా తగ్గుతుంది. గాజువాక నుంచి డాబాగార్డెన్స్ దాకా హైవే మీద పోతూ వస్తూ మీ కింది పెదవి ఎండను తిన్నగా తింటోంది. విశాఖలో గాలి చల్లగా ఉన్నా ఎండ తీవ్రత తక్కువేమీ కాదు, మబ్బు పట్టిన రోజున కూడా అతినీల లోహిత కిరణాలు కిందికి దిగుతాయి. ఎస్‌పీఎఫ్ 30 అయినా ఉన్న లిప్ బామ్ బయలుదేరే ముందు, భోజనం తర్వాత, ఇంటికి తిరిగి వచ్చే ముందు రాసుకోండి. మన అమ్మాయిలు బండి మీద చున్నీ ముక్కు మీదుగా కట్టుకుంటారు కదా, అది ఈ విషయంలో చాలా మంచి అలవాటు. పెదవులను నాలుకతో తడపడం, ఎండిన పొట్టు పళ్లతో లాగడం మానండి. ఎండ రక్షణ వల్ల మిగిలిన టాటూ రంగు కాస్త నెమ్మదిగా వెలుస్తుంది, నిజమే. అయినా మీ పెదవి నల్లబడకుండా ఉండడం దానికంటే ముఖ్యం.

పెళ్లికి లిప్‌స్టిక్ ఉంది. ఊదా అంచు మీద ముందుగా పీచు లేదా నారింజ ఛాయ కన్సీలర్ పలచగా అద్ది, ఆపైన ఇటుక ఎరుపు లాంటి వెచ్చని రంగు వేస్తే మరకలు కనిపించవు. మీరు చీరల రంగుల మధ్యే పనిచేస్తారు, ఏ అంచుకు ఏ ఛాయ నప్పుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. కొత్త లిప్‌స్టిక్‌ను వారం ముందు నుంచే వాడి చూసుకోండి. కొన్నిటి వాసన ద్రవ్యాలకు, రంగులకు అలర్జీ వచ్చి పెదవులు దురద పెడుతూ నల్లబడతాయి. కొందరిలో పెదవుల నలుపుకు అసలు కారణం ఏళ్లుగా వాడుతున్న లిప్‌స్టిక్కే అని తేలుతుంది.

నలుపు మీకు చిన్నప్పటి నుంచీ ఉందన్నారు, అంటే అది మీ చర్మపు సహజ రంగు, జబ్బు కాదు. పెళ్లిచూపుల పెద్దమనిషి అడిగిన ప్రశ్నకు ఇన్నేళ్ల తర్వాత ఇదే జవాబు. ఒకవేళ నలుపు ఈ మధ్య పెరిగితే, నాలుక మీదో చిగుళ్ల మీదో కొత్త మచ్చలు వస్తే, బాగా నీరసంగా ఉంటే, అప్పుడు బి12 లోపం, వాడే మందులు, హార్మోన్ల సమస్యలు చూడాలి. పెదవి మీద మూడు వారాలకు మించి మానని పుండు ఉంటే ఎవరైనా సరే వెంటనే చూపించుకోవాలి. ఉన్న రంగుతో సరిపెట్టుకోమని మాత్రం నేను మీకు చెప్పను. ఆ ఆరు నెలలు చెయ్యి అడ్డం లేకుండా మాట్లాడానని మీరు రాసిన వాక్యాన్ని నేను మళ్లీ మళ్లీ చదివాను. ఆ సంతోషం కోరుకోవడం తప్పు కాదు. ఆడవాళ్లు తమ కోసం ఒక్కసారి డబ్బు ఖర్చు పెట్టుకుంటే దాన్ని నేరంలా చూసే ఇళ్లను చాలా చూశాను.

కానీ డబ్బు గురించి ఒక మాట ఉంది. మీరు మళ్లీ వేయించుకోవాలనుకోవడంలో గులాబీ పెదవుల మీద కోరిక ఎంత, ఆ 18,000 వృథా అయిందన్న బాధ ఎంత? ఉత్తరంలో మీరు ఆ అంకె చాలాసార్లు రాశారు. ఆ డబ్బు మీకు ఆరు నెలలు మంచి రంగునూ, ఇంకొన్ని నెలలు ఒక మోస్తరు రంగునూ ఇచ్చింది. మిగతాది పోయింది. సగం ధరకు ఇంకోసారి వేయించుకున్నా పోయింది తిరిగి రాదు. ఈ నెలలోగా రాకపోతే తగ్గింపు ఉండదన్న తొందర వాళ్ల అవసరం, మీది కాదు. వాళ్ల హామీ వాట్సాప్‌లోనో రసీదు మీదో రాతపూర్వకంగా ఉంటే, రెండో విడత ఉచితంగా చేయమనో డబ్బు కొంత వాపసు ఇమ్మనో మర్యాదగా రాసి అడగండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంటుంది, ఇంత చిన్న మొత్తానికి రుసుము ఉండదు, లాయరు లేకుండా మీరే వెళ్లవచ్చు. హామీ నోటిమాటగానే ఉంటే దాని వెంట తిరిగి మీ సెలవులు, మనశ్శాంతి పోగొట్టుకోవడం నాకైతే ఇష్టం లేదు.

మీ వారికి అసలు మొత్తం చెప్పాలా అని మీరు అడగలేదు, కానీ ఆ ప్రశ్న ఉత్తరమంతటా ఉంది. ఆయన ఇది మూడు వేల వ్యవహారం అనుకుంటున్నారు. అందుకే తీయించేసుకో అని అంత తేలిగ్గా అనగలుగుతున్నారు. మీరు 18,000 బరువుతో వింటున్నారు, అందుకే ఆ మాట మీకు చీదరింపులా తోస్తోంది. నాకు మాత్రం "నీ పాత పెదవులే బాగున్నాయి" అన్న మాటలో వెక్కిరింత కనిపించలేదు. పెళ్లయిన ఇన్నేళ్లకు ఒక మగవాడు ఆ మాట పైకి అన్నాడంటే మనసులో ఉండే అన్నాడు. చెప్పకుండా ఉండిపోవచ్చు, సంసారం కూలిపోదు. అయితే లేజర్‌కు వెళ్లినా, కమిషన్‌కు వెళ్లినా రసీదు బయటికి వస్తుంది. అప్పుడు గొడవ రంగు గురించి కాకుండా అబద్ధం గురించి అవుతుంది. మీరే చెబితే కొన్నాళ్లు ముఖం ముడుచుకుంటారేమో. దుకాణంలో పనిచేసి మీరు కట్టిన చీటీ అది, ఆ మాట కూడా కలిపి చెప్పండి. ఎందుకు వేయించుకున్నారో, ఆ బడి, ఆ పెళ్లిచూపులు, ఇవి ఆయనకు తెలుసా? తెలియదనే అనిపించింది నాకు. అత్తయ్యగారికి లెక్కలు చెప్పనక్కర్లేదు. జ్వరం వస్తే పెదవి పేలుతుంది కదా, ఇదీ అంతే అని ఆమెకు అర్థమయ్యేలా ఒక్కసారి చెప్పి వదిలేయండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పార్లర్‌ను అడిగి వాడిన రంగు సీసా పేరు, ఛాయ, తయారీ వివరాలు ఫోటో తీసి తీసుకెళ్లండి. వేయించుకోవడానికైనా, తీయించుకోవడానికైనా ఆ రంగులో ఏమున్నదీ తెలియడం అవసరం. ఎప్పుడైనా ఎమ్మారై స్కాన్‌కు వెళ్లాల్సి వస్తే పెదవులకు టాటూ ఉందని ముందే చెప్పండి. ఐరన్ ఆక్సైడ్ ఉన్న చోట అరుదుగా వేడి, మంట అనిపించవచ్చు. అంతమాత్రాన స్కాన్ మానుకోనక్కర్లేదు. క్రీము గురించి డాక్టరు ఏమన్నారో నాకు రాయండి, దాని గురించి నాకు నిజంగా ఆందోళనగా ఉంది.